బావ ముందు అడిగిన ప్రశ్నలు

మీలో కొందరు మనస్తత్వశాస్త్రం ఎం.ఏ. చదువుతూ, ఈ ఏడు ఏదో ఆసుపత్రికో బడికో పని నేర్చుకోవడానికి వెళ్లబోతున్నారని విన్నాను. అక్కడ ఏం చేయాలో మీ గురువులు చెబుతారు. నేను ఏం చేశానో చెబుతాను. ఏం చేయకూడదో తెలుసుకోవడానికి అది మీకు పనికిరావచ్చు.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నా భార్య పోయి పది నెలలైంది. పలకరించడానికి వచ్చినవాళ్లు మంచి మనసుతోనే అడుగుతారు, అన్నం తింటున్నారా, నిద్ర పడుతోందా, ఏమన్నా చదువుతున్నారా అని. జవాబులు నాకు తెలుసు. చెప్పబుద్ధి కాదు. లేచి వీధిలోకి పోయి నడుస్తాను. మొన్న ఒక బంధువు నా వెనక మా కోడలితో, "ఆయనకు కొంచెం తేడా చేసినట్టుంది" అన్నాడు. నాకు కోపం రాలేదు. నలభై ఏళ్ల కిందట ఒకామె గురించి నేను అదే మాటను మంచి భాషలో కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. పట్నంలో ఎం.ఏ. చదువుతున్నాను. హైదరాబాదును మేము పట్నం అనే అంటాం. చదువంతా ఉర్దూలో. మా శాస్త్రానికి అక్కడ నఫ్సియాత్ అని పేరు. తత్వశాస్త్రం వాళ్ల గదుల్లో ఒకటి మాకు ఇచ్చారు. విద్యార్థులం నలుగురం. మా ప్రొఫెసరు విదేశంలో చదివి వచ్చినవాడు. పుస్తకాలతో మనిషి తెలియడని ఆయన గట్టి నమ్మకం. అందుకని రెండో ఏడు ప్రతి ఒక్కరూ నాలుగు నెలలు బయట పని చేసి, అక్కడి అధికారి చేత సర్టిఫికెట్ రాయించుకు రావాలనీ, అది లేనివాణ్ణి పరీక్షకు కూర్చోనివ్వననీ నిబంధన పెట్టాడు. దాన్ని అమలీ కామ్ అనేవాళ్లం. మిగతా ముగ్గురూ పట్నంలోనే చోటు చూసుకున్నారు. నేను పిట్లం వైపు వాణ్ణని నాకు కామారెడ్డి సర్కారు దవాఖాన రాసిచ్చాడు.

"అక్కడ అంతా మీ మనుషులు, మీ భాష. మిగతావాళ్లకు కనిపించనివి నీకు కనిపిస్తాయి" అన్నాడు.

వెళ్లేటప్పుడు నా చేతికి రెండు వస్తువులు ఇచ్చాడు. ఒకటి, మీట నొక్కితే ఆగే గడియారం. రెండోది, ఇరవై నాలుగు ప్రశ్నల కాగితం. ప్రశ్న అడగాలి, మీట నొక్కాలి, జవాబు ఎన్ని క్షణాలకు వచ్చిందో రాయాలి. తెల్లవాళ్ల ప్రశ్నలను ఆయనే ఉర్దూలోకి మార్చాడు. వాటిని నేను తెలుగులోకి మార్చుకున్నాను.

దవాఖానలో ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఒక చప్రాసీ. డాక్టరు పట్నం మనిషి. మెత్తని ఉర్దూ మాట్లాడేవాడు, ఎవరినీ కసరడు, మధ్యాహ్నానికల్లా అలసిపోతాడు. కాంపౌండరు ఆ ఊరివాడే, యాభై దాటినవాడు. ఎవరింట్లో ఏ రోగం ఉందో, ఆ రోగం వెనక ఏం దాస్తున్నారో ఆయనకు తెలుసు.

క్వినైను సీసాల బీరువా పక్కన నాకొక పీట వేశారు. మొదటి వారం రోగులు నా ముందుకు కూడా వచ్చి నాలుక చాపేవాళ్లు. నేను నాలుక చూడనని చెబితే, మరేం చూస్తావని అడిగేవాళ్లు. మనసు చూస్తానని చెప్పడం మొదలుపెట్టాను. కాంపౌండరు ఆ సందు వదల్లేదు.

"మనసుకు మందు ఏ సీసల ఉన్నది సారూ? చెప్తె నేను గూడ కలుపుత."

"మందు లేదు. ప్రశ్నలుంటాయి."

"ప్రశ్నలైతె మా ఇంటామె దినాం అడుగుతది. నాకు ఒక్క రోగం తక్కువ గాలే."

నవ్వాను గానీ లోపల చిన్నబుచ్చుకున్నాను. రెండు నెలలు గడిచినా నా నోటు పుస్తకంలో చెప్పుకోదగ్గది ఒక్కటి లేదు. దవాఖానకు వచ్చేవాళ్లు జ్వరంతో వచ్చేవాళ్లు, మందు తీసుకుని పోయేవాళ్లు. పీట మీద కూర్చోలేక స్టేషను దాకా నడిచేవాణ్ణి. పట్నం వెళ్లే బండి వస్తే నిలబడి చూసి, మళ్లీ వచ్చేవాణ్ణి. మిగతా ముగ్గురూ ఈపాటికి ఏం రాసి ఉంటారోనన్న ఆలోచన వదిలేది కాదు.

అప్పుడు ఎల్లారెడ్డి తహసీలు కచేరీ నుంచి ఒక కాగితం వచ్చింది.

ఎల్లారెడ్డి తాలూకాలో ఒక ఊరు. పేరు అవసరం లేదు. అక్కడ ఒక రైతు గత్తర వచ్చి పోయాడు. గత్తర అంటే కలరా. పిల్లలు లేరు. భార్యకు ముప్పై ఏళ్లుంటాయి. అన్నదమ్ములు అంతకుముందే వేరు పడ్డారు కనుక, అతని ఇల్లూ బాయి కింది పొలమూ ఆమెకే వస్తాయి. అతని అన్న తహసీల్దారుకు దర్ఖాస్తు పెట్టుకున్నాడు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆమెకు మతి స్థిమితం లేదనీ, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా పొలం గట్ల మీద తిరుగుతుందనీ, చేతికొచ్చిన జొన్న పిట్టల పాలైనా చూసుకోలేదనీ రాశాడు. పొలం తన సంరక్షణలో ఉంచి, ఆమెను పట్నంలో పిచ్చి దవాఖానకు పంపాలని కోరాడు. తహసీల్దారు డాక్టరు అభిప్రాయం అడిగాడు.

డాక్టరు కాగితం చదివి నా వైపు జరిపాడు.

"ఇది నీ పని. నువ్వు చూడు, నేను సంతకం పెడతాను."

అది విన్నప్పుడు నాకు కలిగింది సంతోషమే. దాచి లాభం లేదు.

మరుసటి వారం దర్ఖాస్తు పెట్టిన ఆ పెద్దాయనే ఆమెను బండిలో తీసుకొచ్చాడు. పొద్దున్నే బయల్దేరినా మధ్యాహ్నం దాటింది. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, గదిలో గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. పరాయి మగవాడి దగ్గర ఇంటి ఆడమనిషిని ఒంటరిగా వదిలిపోవడం మర్యాద కాదు, అందుకని కూర్చున్నాడు. ఆమెకు ఇబ్బంది లేకుండా ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు కూడా. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని, గోడవైపు తిరిగి నిలబడింది.

"కూర్చో అక్కా" అన్నాను. కూర్చోలేదు. రాసుకున్నాను: కూర్చోవడానికి నిరాకరించింది.

గడియారం మీట నొక్కాను. ఈ రోజు ఏ వారం? జవాబు లేదు. మీ ఆయన పేరేమిటి? లేదు. ఇరవైలోంచి మూడు తీస్తే ఎంత? కుండ పగిలితే ఏం చేస్తావు? ఇంటికి నిప్పంటుకుంటే మొదట ఏం బయటికి తెస్తావు? ఇరవై నాలుగూ అడిగాను. ప్రతిదానికీ నిబంధన ప్రకారం పూర్తి సమయం ఇచ్చాను. ప్రతిదాని పక్కనా సున్నా వేసుకున్నాను. మధ్యలో ఒకసారి పెద్దాయన కిటికీలోంచి చూస్తూనే, "ఐదు నెల్లసంది గిట్లనే ఉన్నది సారూ" అన్నాడు. ఆ గొంతులో బాధ ఉంది. దాన్ని కూడా సాక్ష్యంగానే రాసుకున్నాను.

వాళ్లు వెళ్లాక కాంపౌండరు మందు నూరుతూ అడిగాడు.

"ఏమన్నదామె?"

"ఏమీ అనలేదు."

"పెద్దాయన ఏడ కూసున్నడు?"

"అక్కడే, బెంచీ మీద."

ఆయన తలాడించి మళ్లీ నూరుకున్నాడు.

రెండు రోజులు కూర్చుని నివేదిక రాశాను. ఉర్దూ బాగా వచ్చేది నాకు. ఏ ప్రశ్నకూ స్పందన లేదనీ, పరిసరాల ఎరుక లేదనీ రాశాను. అక్కడితో ఆగి ఉంటే కొంత నయం. మమ్మల్ని అడిగింది అంతే. కానీ చివర ఒక వాక్యం చేర్చాను: ఈమెకు ఆస్తి వ్యవహారం చూసుకునే శక్తి లేదు. ఆ వాక్యం బరువుగా ఉందని నాకు నచ్చింది. డాక్టరు చదివి, "మంచి భాష" అని నా సంతకం కింద తనదీ పెట్టాడు. కాగితం ఎల్లారెడ్డి పోయింది. దాని నకలు ఒకటి ప్రొఫెసరుకు పంపుకున్నాను.

తర్వాత నాలుగు రోజులు సెలవు తీసుకుని ఇంటికి పోయాను. మా అవ్వ, అంటే మా అమ్మ, నా ముఖం చూసి చిక్కిపోయావంది. రెండో రోజు పొద్దున మా పెద్దబాపు వచ్చాడు. ఆయన మా నాన్నకు అన్న. అవ్వ తలుపు వెనక్కి పోయింది. పెద్దబాపు నులకమంచం మీద కూర్చుని నాతో అన్నాడు:

"మీ అవ్వకు మొన్న జరమొచ్చెనట. ఇప్పుడు ఎట్లున్నదో అడుగు."

అవ్వ మూడడుగుల దూరంలో ఉంది. నేను తల తిప్పాను. అవ్వ తలుపు వెనక నుంచి నాకు మాత్రమే వినిపించేటట్టు, "తక్కువైందని చెప్పు. బువ్వ తిని పొమ్మను" అంది.

"తక్కువైందట. బువ్వ తిని పొమ్మంటున్నది" అన్నాను.

"మల్లెప్పుడన్న తింటనని చెప్పు" అన్నాడు పెద్దబాపు.

చెప్పడానికి తల తిప్పి, మధ్యలో ఆగిపోయాను. మాట వచ్చినప్పటి నుంచి నేను ఈ పని చేస్తున్నాను. మా అవ్వ ఆ ఇంటికి వచ్చి ఇరవై ఐదేళ్లు దాటింది. ఒక్కనాడు బావ ఎదుట కూర్చోలేదు. ఒక్క మాట ఆయనకు వినబడనివ్వలేదు. మా అవ్వను ఆ బెంచీ ముందు నిలబెట్టి ఇరవై నాలుగు ప్రశ్నలు అడిగినా ఒక్క జవాబు వచ్చేది కాదు. పరిసరాల ఎరుక లేదని ఆమె గురించి కూడా రాసేవాణ్ణా?

"ఏందిరా, నిలవడ్డవు? చెప్పు" అన్నాడు పెద్దబాపు.

ఇంకా రెండు రోజుల సెలవుంది. ఉండలేకపోయాను. బాన్సువాడ దాకా నడిచి, అక్కడ దొరికిన బండెక్కి, మరునాటికి కామారెడ్డి చేరాను. తిన్నగా కాంపౌండరు దగ్గరికి పోయి, తప్పు చేశానని చెప్పాను. ఆయన చేతిలో పని ఆపలేదు.

"నాకు గా దినమే తెల్సు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడిగినవా? గడియారం చేతుల వట్టుకున్నోనికి ఎవలు చెప్తరు తమ్మీ?"

అప్పటిదాకా ఆయన నన్ను సారూ అని ఎగతాళిగా అనేవాడు. తమ్మీ అనడం అదే మొదలు.

డాక్టరు అంతా విన్నాడు. కోప్పడలేదు. సంతకం తనదని గుర్తుచేశాడు. సంతకం పెట్టిన కాగితాన్ని దవాఖాన వెనక్కి తీసుకుంటే, రేపు ఏ కచేరీలోనూ దాని మాట చెల్లదన్నాడు.

"నేను ఉత్తరం రాయను. నువ్వే పోయి చెప్పుకో. నన్ను అడిగితే, చూసింది విద్యార్థి అని నిజం చెబుతాను. కానీ నీ సర్టిఫికెట్ రాయాల్సింది నేనే. అందులో కూడా నిజమే రాస్తాను. ఆలోచించుకో."

విచారణ ఎల్లుండే అని తెలిసింది. ఆలోచించుకోవడానికి ఏమీ మిగల్లేదని ఇప్పుడు గొప్పగా రాయవచ్చు. కానీ ఆ రెండు రోజులూ ఆలోచించాను. పోకపోతే ఏమవుతుంది? పొలం పెద్దాయన చేతికి పోతుంది, ఆమె పట్నం పోతుంది. పిచ్చి దవాఖానను మా తరగతి ఒకసారి చూసి వచ్చింది. వాసన గుర్తుంది. అక్కడ గట్లు లేవు, నడవడానికి చోటు లేదు. అక్కడ ఆమెను మళ్లీ ప్రశ్నలడిగేది నాలాంటివాడే.

పెట్రోలు కరువై ఎల్లారెడ్డి బస్సు అప్పుడు బొగ్గుతో నడిచేది. వెనక పొయ్యి, నడిమధ్యలో పొగ. మిట్ట వస్తే అందరం దిగి నెట్టాలి. నెట్టిన ప్రతిసారీ నేను మళ్లీ ఎక్కకుండా పక్కనే నడిచాను. డ్రైవరు, "టికెట్ తీస్కొని నడిచేటోన్ని నిన్నే చూస్తున్న" అన్నాడు. కూర్చుంటే కచేరీలో ఏం మాట్లాడాలన్నది బుర్రలో తిరిగేది. నడిస్తే కొంచెం నయంగా ఉండేది.

కచేరీ గదిలో తహసీల్దారు, కాగితాలు చదివి వినిపించే పేష్కారు, తలపాగా ఒళ్లో పెట్టుకుని పెద్దాయన. ఆమె పక్కగది తలుపు దగ్గర కొంగు లాక్కుని నిలబడి ఉంది. పేష్కారు నా నివేదికే చదువుతున్నాడు. నా ఉర్దూ నాకే వినబుద్ధి కాలేదు. అయిపోయాక లేచి నిలబడి, ఆ రాత తప్పని చెప్పాను.

తహసీల్దారు కాగితం తిప్పి సంతకాలు చూశాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే."

"రాసినవాడివీ నువ్వే, తప్పంటున్నవాడివీ నువ్వే. ఏ నిన్ను నమ్మాలి మియా?"

గడియారం మీట నొక్కేవాళ్లు ఎవరూ లేరు కనుక సరిపోయింది. చివరికి, ఆమెను బావ ఎదుట అడిగాననీ, ఆయన లేనప్పుడు మళ్లీ అడగమనీ అన్నాను. తహసీల్దారు ఉత్తరాది మనిషి, ఆయనకు వెంటనే అర్థం కాలేదు. పేష్కారుకు అర్థమై, వంగి చెవిలో చెప్పాడు.

పెద్దాయన లేచాడు. ఆయన ముఖం నల్లబడింది.

"నేను భూమి గుంజుకుంటున్ననంటున్నవా సారూ? గాడు నా తమ్ముడు. ఆమె ఎండల గట్ల పొంటి తిరిగి తిరిగి ఏ బాయిలనో పడితె, ఊరోల్లు నన్ను ఏమంటరు? పెద్ద దవాఖానల బాగైతదని మా పటేలు చెప్పిండు. అందుకే దర్ఖాస్తు వెట్టిన."

"నేను అట్లా అనలేదు" అన్నాను. కానీ అనకపోయినా ఆ గదిలో అందరికీ అలాగే వినిపించింది.

ఆయనను ఎవరూ పొమ్మనలేదు. తనే బయటికి నడిచి, మెట్ల మీద కూర్చున్నాడు.

తహసీల్దారు పేష్కారు ద్వారా మొదటి ప్రశ్న అడిగించాడు. చాలాసేపు ఏమీ లేదు. ఆమెకు నిజంగానే బాగాలేదేమో, నేను రెండోసారి తప్పు చేశానేమో అనిపించింది. అప్పుడు ఆమె తలుపు చెక్క వైపు చూస్తూ మాట్లాడింది. గొంతు బొంగురుగా ఉంది, వాడక తగ్గిన గొంతు.

"ఇయ్యాల బుధారం. గాయన అడిగిన దినం మంగళారం."

పేష్కారు రాసుకున్నాడు. రెండో ప్రశ్న అడగబోయాడు. ఆమె ఆగలేదు.

"ఇరువైల మూడు వోతె పదిహేడు. కుండ పలిగితె ఇంకో కుండ తెచ్చుకుంట, గదేం అడుగుడు? ఇల్లంటుకుంటె ముందుగాల బర్రెను ఇడుస్త. వాన మబ్బులకెల్లి వస్తది."

నేను కామారెడ్డిలో అడిగిన ప్రశ్నలన్నీ, అడిగిన వరసలోనే. నాకు కూడా ఆ వరస కాగితం చూడనిదే రాదు. పేష్కారు కలం ఆమె మాటలను అందుకోలేక, "మెల్లగ, మెల్లగ" అన్నాడు. రెండోదాన్ని ఒక్కదాన్నే దాటేసి, అన్నీ అయ్యాక దాని దగ్గరికి వచ్చింది.

"నా పెనిమిటి పేరు అడిగిండు. గది చెప్పను. రాసుకోండ్రి, చెప్పను అన్నదని."

తహసీల్దారు నవ్వు ఆపుకుని, అలాగే రాయమన్నాడు. తర్వాత ఆయనే ఒక ప్రశ్న అడిగించాడు. నా ఇరవై నాలుగింటిలో అది లేదు. రోజంతా గట్ల మీద ఎందుకు తిరుగుతున్నావు?

"ఇంట్ల ఊపిరాడతలేదు. నడుస్తె ఆడుతది. గంతే."

ఆ జవాబు అప్పుడు నాకు చిన్నదిగా అనిపించింది. మొన్న శ్రావణంలో, నా భార్య పోయాక, దాని అర్థం తెలిసింది.

తహసీల్దారు అక్కడికక్కడే దర్ఖాస్తు కొట్టేశాడు. బయటికి వచ్చేసరికి పెద్దాయన మెట్ల మీదే ఉన్నాడు. లోపలి మాటలన్నీ అక్కడికి వినిపిస్తాయని నాకు తట్టనే లేదు. ఆయన నా వైపు చూడకుండా అన్నాడు:

"మా ఇంటికొచ్చి పద్నాలుగేండ్లు. ఇయ్యాల గొంతు విన్న. వినగూడదు. ఇగ నేను గా వాకిట్ల ఎట్ల అడుగు వెట్టాలె? ఏ మొకం వెట్టుకొని పోవాలె?"

కామారెడ్డిలో నాలుగు నెలలు పూర్తయ్యాక డాక్టరు అన్న మాట ప్రకారం నిజమే రాశాడు. శ్రద్ధగా పని చేశాడు, తన తప్పు తానే దిద్దుకున్నాడు, అయితే ఇతని అభిప్రాయం మీద ఇప్పుడే ఆధారపడకూడదు. ప్రొఫెసరు దాన్ని రెండుసార్లు చదివి సొరుగులో పెట్టాడు. నా నివేదిక నకలు అంతకుముందే మెచ్చుకుని, తరగతిలో చదివి వినిపించాడట. ఈ ఏడు పరీక్ష వద్దన్నాడు. మిరుగు, అదే మృగశిర కార్తె, దాటాక ఫలానా తేదీలోగా వచ్చి కలవమనీ, ఇంకో నాలుగు నెలల పని ఇవ్వాలా వద్దా అప్పుడు చెబుతాననీ అన్నాడు. మిగతా ముగ్గురూ పరీక్షకు చదువుతున్నారు. నేను ఇంటికి పోయాను.

ఇంట్లో కాలు నిలవలేదు. మిరుగు పడింది, వానలు మొదలయ్యాయి. పట్నం పోవడానికి బయల్దేరి, దారిలో ఆ ఊరి దగ్గర బస్సు దిగాను. ఎందుకు దిగానో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. బహుశా ఎవరైనా నన్ను మెచ్చుకోవాలని.

చుట్టూ అందరి పొలాలూ దున్ని ఉన్నాయి. ఆమె పొలం ఒక్కటే గడ్డి మొలిచి పచ్చగా ఉంది. ఆమె గట్టు మీద నడుస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కొంగు లాక్కోలేదు.

"గడియారం తెచ్చినవా తమ్మీ?"

"లేదక్కా. పొలం దున్నలేదేం?"

"ఎవలు దున్నాలె? మా ఆయన పోయినంక బావ ఎడ్లే దున్నుతయనుకున్న. బావ గిటు దిక్కే వస్తలేడు. ఆయన రాకుంటె ఊళ్లె ఇంకెవడు గూడ రాడు. వస్తె ఆయనకు ఎదురు వోయినట్టయితది."

ఆడమనిషి నాగలి మేడి పట్టదు. అది వాళ్ల ఊళ్లోనే కాదు, మా ఊళ్లోనూ అంతే. వాన పడ్డాక ఆలస్యమైతే ఆ ఏడు పంట లేదు. పంట లేకపోతే భూమి కాగితం మీద ఆమెదే, తినడానికి మాత్రం ఏమీ లేదు. కచేరీలో నేను గెలిపించింది ఆ కాగితాన్నే.

"నేను పోయి పెద్దాయనతో మాట్లాడనా?"

"నువ్వు మాట్లాడింది చాలు" అంది. కోపంగా కాదు.

"నేను చేసింది తప్పంటావా?"

"మొదలు రాసింది తప్పు. కచేరీల చెప్పింది తప్పు గాదు. గని నువ్వు మొదలు అడగకుంటె, గా దినం బావ వినంగ నేను మాట్లాడే పని ఉండకపోవు గద."

కొంతసేపు ఆమె వెనకే గట్టు మీద నడిచాను. ఇరవై నాలుగు ప్రశ్నలు అడిగిన నాకు, అడగని ప్రశ్న ఒకటి ఉందని అప్పుడు తట్టింది.

"నీకేం కావాలె అక్కా?"

ఆమె ఆలోచించలేదు.

"ఎడ్లు. రెండు దినాలకు."

పెద్దాయన ఇంటికి పోయాను. ఆయన పసులకొట్టంలో ఉన్నాడు. విషయం చెప్పాను. ఆయన ఎద్దు మెడ మీద చెయ్యి వేశాడు.

"ఆమె అడిగిందా, నువ్వు అడుగుతున్నవా?"

"ఆమె అడిగింది."

"ఎడ్లు తీస్కపో. నాగలి గూడ తీస్కపో. నేను గట్టు దాటను. జీతగాన్ని పంపను. వాడు పోతె నేను పోయినట్టే." నా చేతులు చూశాడు. "నీకు దున్నవస్తదా?"

"పిట్లం వైపు రైతు కొడుకును."

"అయితేంది, రాదు. చదువుకున్నోనివి" అన్నాడు.

ఆయన చెప్పింది సగం నిజం. చిన్నప్పుడు దున్నాను, సరదాకు. ఆ రెండు రోజులూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా దున్నాను. పండుకోవడం పెద్దాయన అరుగు మీద. పొద్దున ఆయన ఇంట్లో జొన్న గట్క పెట్టేవాళ్లు, మధ్యాహ్నం ఆమె గట్టు మీద అంబలి ముంత పెట్టేది. దున్నుతున్నంతసేపూ ఆమె పక్క గట్టు మీద నాతోపాటు నడుస్తూ తిట్టేది.

"సాలు వంకర వోతున్నది. కండ్లు ఎద్దు తోక మీద గాదు, ముంగట వెట్టు. మేడి వత్తు. వత్తకుంటె గడ్డి గోకినట్టయితది."

పెద్దాయన దూరంగా తన పొలంలో నిలబడి చూసేవాడు. రాలేదు. ఒకసారి నాగలి రాయికి తగిలి నేను పడబోతే ఆయన రెండడుగులు ముందుకు వేసి, గట్టు దగ్గర ఆగిపోయాడు.

ఆ తర్వాత, ఆలస్యంగానైనా, నేను ఇంకో నాలుగు నెలలు పని చేశాను, మరుసటి ఏడు పరీక్ష రాశాను, ముప్పై ఏళ్లు ఈ వృత్తిలోనే బతికాను. ఎవరినైనా మొదటిసారి చూసేటప్పుడు గదిలో ఇంకెవరు కూర్చున్నారో చూసుకోవడం నాకు అలవాటైంది. దానికి నన్ను మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, అమలీ కామ్‌లో అని చెప్పేవాణ్ణి. అంతకు మించి చెప్పలేదు.

రెండో రోజు పొద్దుగూకే ముందు చివరి సాలు తిప్పి ఎడ్లను ఆపాను. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. మరునాటి పొద్దున బస్సుకు పట్నం పోవాలి. ప్రొఫెసరు చెప్పిన గడువు ఆ మరుసటి రోజే. ఆమె గట్టు దిగి, దున్నిన మడిలోకి వచ్చింది. ఒకచోట వంగి మట్టి పెళ్లను ఎత్తి చూసింది. కింద నేల గట్టిగానే ఉంది. ఇంకోచోట చూసింది. అక్కడా అంతే.

"ఎట్లున్నది అక్కా?"

"మల్ల దున్నాలె తమ్మీ" అంది.

మరునాడు రోడ్డు మీద బస్సు హారను వినిపించినప్పుడు నేను పొలం నడుమ ఉన్నాను. ఎడ్లు ఆగి అటు చూశాయి. "ఆగుడేంది, నడువు" అంది ఆమె గట్టు మీద నుంచి, ఎడ్లతోనో నాతోనో తెలియలేదు. నడిచాం.